డ్యూకు గారి గొంగళి

మా కార్న్‌వాల్ సీమకు దొర మారినప్పుడల్లా చర్చిలో గంట కొడతారు. గంట ఎంతసేపు మోగినా మా పొయ్యి మీద ఉడికేది ఆ బఠాణీ అంబలే. మా తాత రోజుల్లో దొరను ఎర్ల్ అనేవారు. ఒక ఎర్ల్ పిల్లల్లేకుండా పోయాడు. ఇంకొకణ్ణి పెట్టారు, వాడూ పోయాడు. నాకు ఇరవయ్యేళ్ళప్పుడు రాజుగారు ఆ పేరు ఎత్తేసి, డ్యూకు అని ఎవరూ వినని కొత్త పేరు ఒకటి తెచ్చి తన పెద్దకొడుక్కి పెట్టాడు. ఆ పిల్లవాడికి అప్పటికి ఏడేళ్ళు నిండాయో లేదో. ఇక మీదట రాజు పెద్దకొడుకు ఎవడైతే వాడే కార్న్‌వాల్ డ్యూకు అని చర్చి గుమ్మంలో చదివి వినిపించారు.

"అయితే పన్ను తగ్గుద్దా?" అని గుంపులోంచి ఎవడో అడిగాడు.

"పేరు పెరిగితే పన్ను తగ్గుద్దంట్రా, వెర్రిమొహమా!" అన్నాడు అప్పటి మునసబు. అందరం నవ్వి ఇళ్ళకు పోయాం.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు. మా ఊరు ట్రెవోరన్‌లో నిజంగానే అలాంటి గొంగళి ఒకటి ఉండేది. దాని సంగతే, దాన్ని కాపాడిన మెలియొర సంగతే చెబుతున్నాను. మీరు ఈ ఊరి వాళ్ళు కారు, మా దొర కోర్టులో కూర్చునే వాళ్ళు అసలే కారు. అందుకే చెబుతున్నాను. నా పేరు గెరెన్స్. ఉన్ని బట్టను నీటి మిల్లు సుత్తుల కింద తొక్కించి, జిడ్డు తీసి, దళసరి చేయడం నా వృత్తి. ఆ పనికి పులిసిన ఉచ్చ కావాలి కాబట్టి నా మిల్లుకు వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుని వస్తారు. మెలియొర ఒక్కతే మూసుకునేది కాదు.

గొంగళి మాన్యం అని ఊరికి తూర్పున ఒక చెక్క ఉంది. ఇల్లు, రెండు గడ్డి మళ్ళు, కాస్త దున్నే నేల. దానికి మిగతా మాన్యాల్లా దొర పొలంలో వెట్టి చేయనక్కర్లేదు. చేయాల్సింది ఒక్కటే. దొర ఈ సీమలోకి వస్తూ తేమర్ నది వంతెన మీద కాలు పెట్టినప్పుడు, ఆ మాన్యం మనిషి వంతెన నడుమ నిలబడి ఆయనకు బూడిదరంగు గొంగళి కప్పాలి. దొర సీమ విడిచి వెళ్ళేటప్పుడు గొంగళి తిరిగి ఇస్తాడు. దాన్ని మళ్ళీ పెట్టెలో దాచుకోవాలి. రంగు వేయకూడదు. ఆ మాన్యంలో పెరిగిన గొర్రెల బొచ్చుతోనే నేయాలి. దొర వచ్చేముందు ఊరి తరఫున పన్నెండుమంది చర్చిలో నిలబడతారు. వాళ్ళలో పెద్ద, మా పునీతుడి వేలి ఎముక ఉన్న వెండిపెట్టె మీద చెయ్యి పెట్టి, ఈ గొంగళి ఆ మాన్యం బొచ్చుతో నేసిందే, బయటి పోగు ఒక్కటీ లేదు అని ప్రమాణం చేస్తాడు. మిగతా పదకొండుమంది వాడి చొక్కా చెయ్యి ముట్టుకుని, వీడు చెప్పిందే మా మాట అంటారు. గొంగళి లేకపోయినా, దొంగ గొంగళి అని తేలినా, మాన్యం అదే రోజు దొరది అవుతుంది.

ఆ పెద్దను నేనే. పాతికేళ్ళుగా నేనే. "గెరెన్స్ నోరు కంపు కొట్టొచ్చు గానీ అబద్ధం చెప్పదు," అని ఊళ్ళో ఒక మాట.

మాన్యం నా బావ ఉడీది. మా అమ్మా, వాడి నాన్నా తోడబుట్టినవాళ్ళు. డ్యూకు అనే పేరు పుట్టిన ఏడాదే వాడు మెలియొరను చేసుకున్నాడు. సముద్రం ఒడ్డున ఉప్పుచేపల మధ్య పెరిగిన పిల్ల. పొట్టిగా, గట్టిగా ఉండేది. వచ్చిన మొదటి వారమే పెట్టె తెరిచి, గొంగళి చూసి, మొగుణ్ణి అడిగిందట: "చలికి మనం వణుకుతుంటే ఇది పెట్టెలో పడుకుని ఏం చేస్తోంది?"

"అది దొరదే."

"దొరకు ఇంకోటి లేదా?"

"నూరు ఉంటాయి."

"మరి?"

ఆ 'మరి'కి మా వంశంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉడీ ఈ ముచ్చట నా మిల్లులో చెప్పి పడీపడీ నవ్వేవాడు. నవ్వినా, ఏటా వేసవిలో గొంగళిని ఎండలో వేసి, పురుగు పట్టకుండా ఆకు పొరలు మార్చింది మెలియొరే. ఎడమ భుజం దగ్గర ఉడీ తల్లి నల్లదారంతో వేసిన రఫ్ఫు ఒకటి ఉండేది, చేప ముల్లు ఆకారంలో. అది ఊడిపోతే మళ్ళీ అలాగే కుట్టింది.

డ్యూకు ఒకే ఒక్కసారి వచ్చాడు. అప్పటికి పెద్దవాడై, యుద్ధాలు గెలిచి, పేరు మోగిపోతున్న రోజులు. ఉడీ గొంగళి కప్పాడు. మూడు అంగలు వేశాక ఎవరో సేవకుడు దాన్ని తీసి బండిలో పడేశాడు. ఉడీ మాత్రం నలభై రోజులు ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

మధ్యలో మహమ్మారి వచ్చింది. పదకొండు రోజుల్లో మా ఆవిడ, నా కొడుకు కాలన్, నా కూతురు మాబిలీ పోయారు. వాడికి ఆరేళ్ళు, దానికి నాలుగు. ముగ్గురికీ నా చేతులతోనే మట్టి వేశాను. అప్పుడు మెలియొర పన్నెండు రోజులు నా మిల్లు గుమ్మంలో అంబలి పెట్టి, తలుపు కొట్టి పోయింది. మిగతా ఊరు నా గుమ్మం వైపు చూడనైనా చూడలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను తర్వాత చేసిన పని ఆ అంబలి తిన్న మనిషి చేశాడు.

ఉడీ తగరం గనుల్లో మట్టి పెళ్ళ విరిగి మీద పడి పోయాడు. అప్పటికి కొడుకు బెనెసెక్ పెళ్ళీడుకు వచ్చాడు, ఆఖరుది ఎంబ్లిన్‌కు అయిదేళ్ళు. మా సీమలో ఇంటాయన పోతే ఇంట్లోని మంచి పశువు దొరకు పోవాలి. శవం వాకిట్లో ఉండగానే దొర వ్యవహారాలు చూసే దివాను మనిషి దొడ్లోకి వెళ్ళి చూశాడు. ఎద్దు ముసలిది. ఆవు వట్టిపోయింది. బూడిదరంగు పొట్టేలు మెడ పట్టుకున్నాడు.

"అయ్యా, దాన్ని వదిలెయ్యండి," అంది మెలియొర. "మందలో బూడిదరంగుది అదొక్కటే. అది పోతే ఇక పుట్టేవన్నీ తెల్లవే. రేపు మళ్ళీ గొంగళి నెయ్యాలంటే ఎక్కణ్ణుంచి తేవాలి?"

"పాత గొంగళి ఉందిగా?"

"ఉంది."

"ఇంకేం, జాగ్రత్తగా ఉంచుకో," అని పొట్టేలును తోలుకుపోయాడు.

తీసుకుపోయిందీ దొరే, రేపు అడగబోయేదీ దొరే. రెండు చేతులూ ఒకే మనిషివని ఆ చేతులకు తెలియదు కాబోలు.

మూడేళ్ళకు రెండో మహమ్మారి వచ్చింది. మొదటిది పెద్దలనూ పిల్లలనూ కలిపి ఊడ్చింది. ఇది పిల్లలనే వెతుక్కుంది. బెనెసెక్ పెళ్ళి చేసుకుని, భార్య జెనట్‌తో అవతలి లోయలో గనుల దగ్గర ఉన్నాడు. దారులు కట్టేసి వాణ్ణి రానివ్వలేదు. ఎంబ్లిన్‌కు చంకలో గడ్డ లేచిందని విని నేను వెళ్ళాను. నాకు పోవడానికి ఇక ఎవరూ లేరు కాబట్టి భయమూ లేదు.

పిల్లకు జ్వరం పొయ్యిలా ఉంది. అయినా "చలి, అమ్మా, చలి" అంటోంది. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ కప్పేసింది మెలియొర. తన రవికె కూడా విప్పి కప్పింది. "చలి" అంటూనే ఉంది పిల్ల. అప్పుడు మెలియొర లేచి పెట్టె తెరిచింది.

"చెల్లీ, అది దొరది," అన్నాను.

"దొరను వచ్చి అడగమను."

గొంగళి మెడదాకా కప్పాక ఎంబ్లిన్ కళ్ళు తెరిచి, "వెచ్చగా ఉంది," అంది. ఆ మాట తర్వాత ఇంకో మాట అనలేదు. మధ్యాహ్నానికి పోయింది.

సమాధులు తవ్వేవాడు అంతకు ముందు వారమే చచ్చాడు. గుంట నేనే తవ్వాను, చర్చి ఉత్తరం గోడ పక్కన. గొంగళి విప్పుదామని నేను వంగితే మెలియొర నా మణికట్టు పట్టుకుంది. "చలన్నది అన్నయ్యా. మళ్ళీ విప్పి చలిలో పడుకోబెట్టనా?" నేను వదిలేశాను. ఎవరికీ చెప్పనని ఆమెకు మాట ఇచ్చాను. పెట్టె మూత వేసి, పైన బరువు పెట్టి, లోపల గొంగళి ఉన్నట్టే ఆమె పదకొండు నెలలు గడిపింది. బెనెసెక్‌కు కూడా చెప్పలేదు.

ఆ పదకొండో నెలలో, ఆదివారం ప్రార్థన అయ్యాక, మునసబు పాస్కో గుమ్మంలో నిలబడి అరిచాడు. డ్యూకు గారు వస్తున్నారు. తొమ్మిదో రోజున తేమర్ దాటతారు. ఎనిమిదో రోజు ప్రమాణం.

గోరుచుట్టు మీద రోకటిపోటు. అప్పటికి బెనెసెక్ భార్యను తీసుకుని ఇంటికి వచ్చేశాడు. ఆమె నెలలు నిండి ఉంది. మాన్యం పోతే గనుల బురదలోకి, గుడారంలోకి పోయి ఆ బిడ్డను కనాలి.

మర్నాడు మెలియొర నా మిల్లుకు వచ్చింది. సుత్తులు ఆపమని సైగ చేసింది.

"అన్నయ్యా, పక్క ఊరి నోయల్ దగ్గర బూడిదరంగు బొచ్చు ఉంది. అడిగాను, ఇస్తానన్నాడు. నేనూ కోడలూ కూర్చుని వడుకుతాం. నువ్వు మిల్లులో వేసి ఇస్తే, ఎనిమిదో రోజుకల్లా అయిపోద్ది."

"వేసిస్తాను. అన్నం మానేసైనా వేసిస్తాను."

"మరి ఎముక మీద చెయ్యి?"

నేను వంగి సుత్తి కింద ఉన్న బట్టను తిరగేశాను.

"నువ్వొక్కడివి అంటే చాలు," అంది. "మిగతా వాళ్ళు నీ చొక్కా పట్టుకుంటారు, అంతే. ఒక్క మాట. నీ నోట్లోంచి వస్తే ఎవడూ తిరిగి అడగడు."

"అందుకే చెల్లీ, అందుకే," అన్నాను. "ఎముక మీద చెయ్యి పెట్టి అబద్ధమాడినోడు నరకానికి పోతాడని పాదిరి ఎన్నిసార్లు చెప్పాడు? నా కాలన్, నా మాబిలీ పైన ఉన్నారు. నేను బతుకుతున్నది పోయి వాళ్ళను చూసుకోవడానికే. అది కూడా పోగొట్టుకోమంటావా?"

"నా పిల్లా అక్కడే ఉంది."

"తెలుసు."

"నా మనవడో మనవరాలో ఇక్కడికి వస్తోంది."

"తెలుసు చెల్లీ. నా వల్ల కాదు. ఇంకేదైనా అడుగు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మొదటి మహమ్మారి నాటి అంబలి గుర్తుచేసినా బాగుండేది, కోపం తెచ్చుకుని అరిచేవాణ్ణి. "సరే," అంది. గుమ్మం దాటాక ఇంకోసారి, తనకు తానే చెప్పుకున్నట్టు, "సరే," అంది.

మూడో రోజు పొద్దున్నే నేను మిల్లు తలుపు తీసేసరికి రాతిమెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గోనె. గోళ్ళ నిండా నల్లమట్టి. రవికె మీద చలికి చేతులు ముడుచుకుని ఉంది, కింద లోపలి లంగా ఒక్కటే. పెళ్ళినాటి ఎర్ర ఉన్ని పైలంగా లేదు.

గోనెలో ఏముందో విప్పకుండానే తెలిసింది నాకు.

"మా నేల పులుపు నేల అన్నయ్యా. ఉన్నిని తినలేదు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఒకచోట చిరిగింది, కుట్టేస్తాను. మిల్లులో వెయ్యి. వాసన పోవాలి."

"పిల్ల?" అన్నాను.

"నా లంగా కప్పొచ్చాను."

నేను ఆ గొంగళిని నాలుగు నీళ్ళలో ఉతికాను. జిడ్డు తీసే మన్ను పట్టించాను. సుత్తుల కింద వేశాను. నలభై ఏళ్ళు ఆ సుత్తుల చప్పుడు విన్నాను గానీ ఆ రోజు విన్నంత ఎప్పుడూ వినలేదు. అబద్ధం ఆడనన్న ధర్మాత్ముణ్ణి నేనే కదా, ఆ పిల్ల మీద దుప్పటి లాగించింది నేనే కదా. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆ తల్లి వేళ్ళతో మట్టి తవ్వేది కాదు. కొక్కేల చట్రానికి గొంగళిని బిగించి ఆరేస్తుంటే, పిల్ల మెడ తగిలిన చోట పట్టుకుని, ఉన్నిలో చిక్కిన పిల్ల వెంట్రుక ఒకటి తీసి తలగుడ్డ చివర ముడి వేసుకుంది మెలియొర. నేను చూడనట్టు నటించాను.

ఎనిమిదో రోజు చర్చిలో ఎముక మీద చెయ్యి పెట్టి నిజం చెప్పాను. ఈ గొంగళి ఆ మాన్యం బొచ్చుదే. పదకొండుమందీ నా చొక్కా పట్టుకున్నారు. "చూశావా, పెట్టెలో ఎంత శుభ్రంగా ఉంచిందో," అని పాస్కో మెచ్చుకున్నాడు. మెలియొర తల వంచుకుని నిలబడింది.

తొమ్మిదో రోజు వాన. తెల్లవారకముందే బయలుదేరి వంతెనకు చేరాం, బెనెసెక్, మెలియొర, నేను, పాస్కో. వంతెన నడుమ గొంగళి పట్టుకుని బెనెసెక్ నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక అవతలి నుంచి గుర్రాలు వచ్చాయి. ఆరుగురు మనుషులు, నాలుగు బండ్లు. ముందు దివాను.

"ఎవర్రా దారికడ్డం?"

"గొంగళి మాన్యం వాళ్ళం, దొరా. డ్యూకు గారికి కప్పడానికి," అన్నాడు బెనెసెక్.

దివాను వెనకవాళ్ళ వైపు తిరిగి చూశాడు. వాళ్ళు నవ్వారు. "డ్యూకు గారు రావడం లేదు. రాజుగారు సముద్రం అవతల పెద్ద సీమ ఇచ్చారు. ఇప్పుడాయన అక్కడికి పోయే హడావిడిలో ఉన్నాడు. మీ రాళ్ళూ తుప్పలూ చూడ్డానికి తీరికెక్కడిది? పది రోజులైంది ఈ సంగతి తేలి."

పది రోజులు. మునసబు చర్చి గుమ్మంలో అరవడానికి ముందు రోజన్నమాట.

"మాకు కబురు చెయ్యలేదు దొరా," అన్నాడు పాస్కో.

"గొంగళి వాడికీ గోనె వాడికీ విడివిడిగా కబురు పంపాలా? జరగండి, సరుకు తడుస్తోంది."

మెలియొర గుర్రానికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. "అయ్యా, ఒక్క మాట. ఇవాళ కప్పలేదని మాన్యం పోదు కదా?"

"ఆయన వంతెన తొక్కలేదు. మీ తప్పేముంది? పోదు. గొంగళి మాత్రం సిద్ధంగా ఉంచుకోండి. వచ్చే ఏడు రావచ్చు, ఆపై ఏడు రావచ్చు."

"ఉంచుతాం," అంది.

తొమ్మిది మైళ్ళు వానలో నడిచి వచ్చాం. గొంగళి తడవకుండా పొట్టకు అదుముకుని, దాని మీద వంగి నడిచింది. "కప్పుకోవే అమ్మా, నీళ్ళు కారిపోతున్నావు," అన్నాడు బెనెసెక్. "నాది కాదురా," అంది. ఊరి మొదట్లో చర్చి దగ్గర ఉత్తరం గోడ వైపు తిరిగి ఒక్క క్షణం ఆగింది. ఆ గొంగళిని అప్పుడే పిల్లకు తిరిగి ఇచ్చేద్దామనుకుందని నాకు తెలుసు. ఇవ్వలేదు. వచ్చే ఏడు రావచ్చునన్నాడు కదా.

పద్నాలుగేళ్ళు. ఏటా ఎండలో వేసి, ఆకులు మార్చి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఆయన ఏ ఏడూ రాలేదు. జెనట్‌కు నలుగురు పుట్టారు. చలికాలంలో ఆ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కరుచుకుని పడుకునేవాళ్ళు, ఆ పెట్టె పక్కనే. మెలియొర మాత్రం ఎంత మంచు కురిసినా రెండో దుప్పటి కప్పుకునేది కాదు. కోడలు గొడవ పెట్టుకుంటే, "నాకు చలెయ్యదే," అనేది. ఎందుకు కప్పుకోదో నాకు తెలుసు. నాతో మాట్లాడేది, నవ్వేది కూడా. నా మిల్లులోకి మాత్రం మళ్ళీ అడుగుపెట్టలేదు. బట్ట కోడలితో పంపేది.

ఒక జూన్ నెలలో గంట మోగింది. డ్యూకు పోయాడు. ఏళ్ళ తరబడి జబ్బు పడి, తండ్రి ఇంకా సింహాసనం మీద ఉండగానే, రాజు కాకుండానే పోయాడట. ఊళ్ళో ఎవరికీ ఏడుపు రాలేదు. చర్చి గుమ్మంలో ముసలివాళ్ళం చేరాం. మెలియొర పాస్కోను అడిగింది.

"ఇప్పుడు డ్యూకు ఎవరు?"

"ఎవరూ లేరు," అన్నాడు పాస్కో. "కాగితంలో రాజు పెద్దకొడుకు అనే ఉంది. ఈయన కొడుకు రాజుకు మనవడు, కొడుకు కాడు. కాబట్టి డ్యూకు అనే పేరు ఆయనతోటే పోయినట్టే. ఎర్ల్ పోలా? ఇదీ అంతే."

"పాదిరి గారూ, అంతేనా?"

"ప్రస్తుతానికి డ్యూకు లేడమ్మా, నిజమే," అన్నాడు పాదిరి.

"అయితే డ్యూకు గొంగళి?"

పాస్కో నవ్వాడు. "డ్యూకే లేనప్పుడు ఆయన గొంగళి ఏంటి? నువ్వు కప్పుకో, ముసలమ్మా."

ఆ మాట మేమందరం నమ్మాం. చదువుకున్నవాడైతే 'ప్రస్తుతానికి' అన్న ముక్క దగ్గర ఆగేవాడు. మేము ఒక ఎర్ల్‌ను చూశాం, ఒక డ్యూకును చూశాం, పేర్లు కూడా మనుషుల్లాగే చస్తాయనుకున్నాం.

మర్నాడు వేకువనే మెలియొర నా గుమ్మంలోకి వచ్చింది, పద్నాలుగేళ్ళ తర్వాత. చంకలో గొంగళి. "పార తీసుకో అన్నయ్యా," అంది. పార తీసుకున్నాను.

ఉత్తరం గోడ పక్కన తవ్వాం. ఎర్ర లంగా అంచు కనబడగానే నా చేతిలో పార తీసేసుకుని, మిగతా మట్టి చేతులతో తోసింది. ఎముకలు ఎంత చిన్నవో. గొంగళి పరిచి, నాలుగు వైపులా దోపింది, పక్క మీద పిల్లకు దోపినట్టే. "ఆలస్యమైందమ్మా. ఇక చలెయ్యదులే," అంది. నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఆ చలికాలం మొదటిసారి రెండో దుప్పటి కప్పుకుందని తర్వాత జెనట్ చెప్పింది.

చలికాలం ఇంకా సగం కాలేదు. మళ్ళీ గంట మోగింది. చచ్చిపోయినాయన కొడుకును, ఆ మనవణ్ణే, రాజుగారు డ్యూకును చేశారు. తొమ్మిదేళ్ళవాడు. ఎంబ్లిన్ కంటే ఒక్క ఏడాది పెద్ద. కొత్త డ్యూకు పేరు మీద అన్ని మాన్యాలూ మళ్ళీ రాసుకుంటారు. క్రిస్మస్ తర్వాత కోర్టు. ఎవరెవరు ఏమేం చెల్లించాలో అవి తెచ్చి చూపించాలి. గొంగళి మాన్యం వాళ్ళు గొంగళి చూపించాలి, పన్నెండుమంది ప్రమాణం చేయాలి.

నేను వెళ్ళేసరికి ఇంట్లో గోల. బెనెసెక్ ఖాళీ పెట్టె ముందు నిలబడి తల్లి మీద అరుస్తున్నాడు. అప్పటికి వాడికి అన్నీ చెప్పేసింది. "చచ్చినదానికి కప్పావు, బతికున్న నలుగురిని బయట పడేశావు!" మెలియొర గడప మీద కూర్చుని ఉంది. "నేనే పోగొట్టాను," అంది నన్ను చూసి. నన్ను ఏమీ అడగలేదు. ఒకసారి అడిగింది, జవాబు విన్నది. రెండోసారి అడిగే మనిషి కాదు.

నేను అక్కణ్ణుంచి నేరుగా పక్క ఊరికి నడిచి, నోయల్ కొడుకు దగ్గర బూడిదరంగు బొచ్చు కొన్నాను. జెనట్ వడికింది. నేత అయ్యాక మిల్లులో వేశాను. కొత్త గొంగళిని పాతది చేయడం నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? పొయ్యి పొగలో పది రోజులు వేలాడదీశాను. అంచుల దగ్గర ఇటుకతో అరగదీశాను. ఆకు పొరల్లో పెట్టాను, ఆ వాసన రావాలి కదా. ఎడమ భుజం దగ్గర నల్లదారంతో రఫ్ఫు వేశాను, చేప ముల్లు ఆకారంలో. ఆ కుట్టు నా చేతికి బాగా గుర్తుంది.

కోర్టు రోజు చర్చి నిండిపోయింది. దివాను కొత్తవాడు, కుర్రవాడు, పద్ధతిగా పట్టిపట్టి చూస్తున్నాడు. గొంగళి బల్ల మీద పరిచి, "ఇది ఆ మాన్యం బొచ్చుతో నేసిన పాత గొంగళేనా?" అని అడిగాడు.

పాస్కో నవ్వుతూ అన్నాడు, "మా గెరెన్స్ చెబుతాడు దొరా. ఊళ్ళో ఎవడైనా అబద్ధమాడతాడు గానీ, వీడు ఆడడు."

వెండిపెట్టె చల్లగా ఉంది. చెయ్యి పెట్టాను. మెలియొర ద్వారబంధం దగ్గర నిలబడి ఉంది. ఆమె తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దని. నేను చెప్పాను. ఇది ఆ మాన్యం బొచ్చుతో నేసిందే. బయటి పోగు ఒక్కటీ లేదు. పదకొండు చేతులు నా చొక్కా పట్టుకున్నాయి. దివాను రాసుకున్నాడు. అయిపోయింది, రొట్టె ముక్క నమిలేంత సేపట్లో.

బయట సమాధుల మధ్య మెలియొర నా కోసం ఆగి ఉంది.

"పద్నాలుగేళ్ళు ఆలస్యం చేశావు, అన్నయ్యా," అంది.

నిజమే. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ముసలివాళ్ళం, మంచులో జారకుండా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఇంటిదాకా నడిచాం. ఆ ఏడాదే వసంతం రాకముందు ఆమె పోయింది. ఉత్తరం గోడ పక్కనే పెట్టాం. ముసలిదైనా తగరపు పెళ్ళలాంటి మనిషి, నలుగురం మోయలేకపోయాం. ఇంటావిడ పోయిందని దివాను మనిషి దొడ్లోకి వచ్చి మంచి గొర్రెను తోలుకుపోయాడు.

డ్యూకు పిల్లవాడు రాజయ్యాడు. పాత రాజు పోవడంతో కొన్ని నెలలకే ఆ పేరు మళ్ళీ ఖాళీ. ఇప్పుడు డ్యూకు లేడు, రాజుకు కొడుకు పుట్టేదాకా ఉండడు. నేను దొంగ ప్రమాణం చేసిన గొంగళి పెట్టెలో ఉంది. బెనెసెక్ పెద్దకొడుకు దాన్ని ఎండలో వేస్తుంటాడు.

నాకు ఒళ్ళు బాగాలేదు. పాదిరి రెండుసార్లు వచ్చి పాపాలు చెప్పుకోమన్నాడు. చిన్నవన్నీ చెప్పాను. ఆ ఒక్కటి చెబితే, కోర్టుకు పోయి నిజం చెప్పి సరిదిద్దుకో, అప్పుడే క్షమాపణ అంటాడు. సరిదిద్దితే నలుగురు పిల్లలు వీధిలో పడతారు. అందుకే చెప్పలేదు, చెప్పను.

కాలన్‌కు ఇప్పటికీ ఆరేళ్ళే, మాబిలీకి నాలుగే. పై నుంచి దారి చూస్తూ ఉంటారు. మెలియొర అక్కడికి చేరే ఉంటుంది. నాన్న రాడని వాళ్ళిద్దరికీ ఆమే చెప్పాలి.